అత్తయ్య అడిగిన ఒక్క అంటు

మొన్న మా మనవరాలు మేడ మీద డ్రమ్ములో పెట్టడానికి మామిడి అంటు కొనుక్కొచ్చింది. నల్ల ప్లాస్టిక్ సంచిలో మోకాలెత్తు మొక్క. అతుకు దగ్గర చుట్టిన టేపు ఇంకా ఊడదీయలేదు. ఏ రకమే అని అడిగితే, అమ్మినవాడు చిన్నరసం అన్నాడంది. నేనొక లేతాకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. చిన్నరసం కాదు, బంగినపల్లి. ఆ మాట పైకి అనలేదు. పిల్ల ముచ్చటపడి తెచ్చుకుంది, కాసినప్పుడు తనే తెలుసుకుంటుందిలే అనుకున్నాను. కానీ ఆ వాసన వేళ్ళకు పట్టుకుని రోజంతా నన్ను వదల్లేదు. ఆకు నలిపి చెట్టును గుర్తుపట్టడం నాకు నేర్పింది మా అత్తయ్య, నాన్నకు అక్కగారు.

అప్పుడు మేము నూజివీడులో ఉండేవాళ్ళం. ఊరి బయట నాన్నకు మామిడితోట, పల్లంలో కొంచెం వరిపొలం. నాకు పరికిణీలు కట్టే వయసు. జమీలు ఇక ఉండవట అని పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే రోజులవి. కిరసనాయిలు దొరికేది కాదు, మంచి బట్ట దొరికేది కాదు, పంచదార కావాలంటే ఎవరినో బతిమాలుకోవాలి. మామిడిపళ్ళకు మాత్రం లోటుండేది కాదు.

వేసవి వచ్చిందంటే ఇంటి వెనక గదినిండా వరిగడ్డి పరిచి కాయలు మాగేసేవారు. తలుపు తీస్తే తీపీ పులుపూ కలిసిన వెచ్చటి వాసన మొహాన కొట్టేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చూసి నేనూ మా అక్కా ఆ గదిలో దూరేవాళ్ళం. గడ్డిలో చేతులు పెట్టి మెత్తబడిన రసాలు వెతికి, తొడిమ కొరికేసి, అక్కడే కూర్చుని పీల్చేసి, టెంకలు మళ్ళీ గడ్డికిందే దాచేవాళ్ళం. వాటికి ఈగలు ముసిరి మమ్మల్ని పట్టిచ్చేవి. అమ్మ కేకలేస్తుంటే అత్తయ్య మాత్రం ఆ టెంకలన్నీ ఏరి, కడిగి, బూడిద రాసి నీడన ఆరబెట్టుకునేది. తొలకరికి ముందే వాటిని దొడ్లో ఇసకమడిలో పాతేది. మొలిచినవాటిలో గట్టివి చూసి చిన్న మట్టికుండల్లోకి మార్చేది. ఇంట్లో నోరు పగిలిన కుండ ఏదైనా సరే పారేయడానికి వీల్లేదు, అది అత్తయ్యది.

మా దొడ్డి పెద్దది. అత్తయ్య వచ్చేవరకూ అందులో గేదెలూ గడ్డివామీ తప్ప ఏమీ ఉండేవి కావట. ఆమె వచ్చాక జామలు, దానిమ్మ, సీతాఫలం, సపోటా, బావి పక్కన నిమ్మ, గోడ వారగా ఒక పనస వచ్చాయి. తోటలో పనివాళ్ళు అంటు కడుతుంటే చూసి నేర్చుకుంది. దానిమ్మ కొమ్మకు బెత్తెడు మేర బెరడు ఒలిచి, బంకమట్టి ముద్ద పెట్టి, గోనెగుడ్డ చుట్టి కట్టేది. పైన చిల్లుకుండ వేలాడదీసి నీళ్ళు చుక్కచుక్కగా పడేలా చేసేది. కొన్నాళ్ళకు గోనెలోంచి తెల్లటి వేళ్ళు బయటికి పొడుచుకొచ్చేవి. అవి చూసినప్పుడు మా అత్తయ్య మొహం ఎలా ఉండేదంటే, మామూలుగా ఆ మొహంలో అలాంటి వెలుగు మేమెప్పుడూ చూసేవాళ్ళం కాదు.

మామిడికి పద్ధతి వేరు. ఆ రోజుల్లో కొమ్మ కోసుకొచ్చి అతికించడం మావైపు ఎవరూ చేసేవారు కాదు. టెంకమొక్క ఉన్న కుండను తల్లిచెట్టు దగ్గరికే తీసుకెళ్ళాలి. చెట్టు కొమ్మ అందే ఎత్తున పందిరి వేసి కుండను దానిమీద పెట్టాలి. మొక్క కాండం మీదా, తల్లికొమ్మ మీదా సమానంగా చెక్కు తీసి, రెండు గాట్లూ ఒకదానికొకటి ఆనించి అరటినారతో బిగించి, పేడా బంకమట్టీ కలిపి మెత్తాలి. వానాకాలమంతా ఆ కుండ అక్కడే ఉండాలి. ఎండ కాస్తే నీళ్ళు పోయాలి. అతుకు పూర్తిగా పట్టిందనుకున్నాకే తల్లి నుంచి కోసి వేరు చెయ్యాలి. తొందరపడి కోస్తే రెండూ దక్కవు. నేనొకసారి వేపమొక్కను మామిడికొమ్మకు ఆనించి అరటినారతో కట్టేసి, కుండలో మర్చిపోకుండా నీళ్ళు పోస్తూ వచ్చాను. అత్తయ్య చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "మామిడికి మామిడే పడుతుందే పిచ్చిదానా" అంది. విప్పెయ్యమని మాత్రం అనలేదు.

అత్తయ్యకు పదమూడో ఏటో పద్నాలుగో ఏటో పెళ్ళయింది. అత్తవారిది చాట్రాయి దాటి చింతలపూడి వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె. కాపురానికి వెళ్ళిన మొదటి వేసవిలో ఆమె భర్త ఎక్కడో ఓ పండు తిని, చాలా బాగుందని ఆ టెంక తెచ్చి ఇంటి పడమటి వైపు బావి దగ్గర పాతాడట. రోజూ ఇద్దరూ దానికి నీళ్ళు పోసేవారట. మొక్క నడుమెత్తు రాకముందే ఆయనకు విషజ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. అత్తగారు బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే ఉండి, వండిపెట్టి, ఆ చెట్టు కాపుకొచ్చేదాకా చూసింది అత్తయ్య. టెంకతో మొలిచిన చెట్టుకు తల్లి గుణం రాదు, దాని గుణం దానిదే. ఆ చెట్టు కాయ చిన్నది, పండినా ఆకుపచ్చగానే ఉండేదట. లోపల మాత్రం ఎర్రటి గుజ్జు, పచ్చకర్పూరం వాసన. ఆకు నలిపినా అదే వాసన. ఆ రకం మరెక్కడా లేదు. దానికి పేరు కూడా లేదు.

అత్తగారు పోయాక మరిది ఆమెను పండగకని పుట్టింటికి పంపాడు. తిరిగి తీసుకెళ్ళడానికి బండి పంపలేదు. మొదట రెండు మూడు వేసవులు ఆ చెట్టు కాయలు ఒక బుట్టెడు పంపాడట. తర్వాత అదీ లేదు.

మా అక్కకు పెళ్ళీడు వచ్చింది. ఆ మరిది కొడుకు మాకు బావ వరస, చదువుకున్నాడు, చూడ్డానికి బాగుంటాడు. వాళ్ళే కబురు పెట్టారు. నాన్న సంతోషం ఇంతా అంతా కాదు. కానీ వాళ్ళు ఒక మాట అడిగారు. భర్త పోయిన ఆడవాళ్ళకు పొలంలో కూడా వాటా వస్తుందని చట్టం మారిందని అప్పుడప్పుడే అందరి నోళ్ళలోనూ నానుతోంది. అన్నగారి వాటా తనకక్కర్లేదని వదినగారు రాసిస్తే, రెండు కుటుంబాల మధ్యా ఏ గొడవా లేకుండా పిల్లను చేసుకుంటామన్నారు. నాన్న ఆ సంగతి అత్తయ్యకు ఎలా చెప్పాడో నాకు తెలియదు. అప్పుడు నేను పెరట్లో ఉన్నాను. తలుపు దగ్గరికొచ్చేసరికి అత్తయ్య గోడకానుకుని కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"పొలం నేనేం చేసుకుంటాను, దున్నుతానా? పిల్ల సుఖపడితే చాలు, సంతకం పెడతాను. నాకు ఆ బావి దగ్గర చెట్టుకు ఒక్క అంటు కావాలి. అడిగిపెట్టు" అంది అత్తయ్య.

నాన్న అడిగాడు. ఒక్కటెందుకు, పది కట్టుకోమనండి అని మరిదిగారు నవ్వారట.

తొలకరి పడగానే నాన్న బండి కట్టించాడు. అత్తయ్య తన కుండల్లోంచి అన్నిటికంటే నిటారుగా పెరిగిన మొక్కను ఎంచుకుంది. తెల్లవారకముందే బయల్దేరాం. నన్ను తోడు తీసుకెళ్ళింది. దారి పొడుగునా కుండను ఒళ్ళో పెట్టుకుని, బండి గోతిలో పడ్డప్పుడల్లా చేతులతో పొదివి పట్టుకుంటూ కూర్చుంది. చాట్రాయి దగ్గర ఎడ్లను విప్పి, మాగాయ వేసుకుని చద్దన్నం తిన్నాం. సాయంత్రానికి ఆ పల్లె చేరాం. ఆ రాత్రి ఆమెకు పడుకోవడానికి వంటింటి పక్క వసారా చూపించారు. ఒకప్పుడు ఆ ఇంటి పెద్దకోడలు.

పొద్దున్నే చెట్టు దగ్గరికి వెళ్ళాం. నేననుకున్నదానికంటే పెద్ద చెట్టు. అత్తయ్య ముందు దాని మొదలు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక ఆకు కోసి నలిపి నాకు వాసన చూపించింది. దేవుడి గదిలో వాసన. పాలేరు చేత పందిరి వేయించింది గానీ, చెక్కు తీయడం, కట్టడం తనే చేసుకుంది. మరిదిగారి భార్యకు, రోజు మార్చి రోజు నీళ్ళు పోయించమని మరీమరీ చెప్పింది. ఆవిడ సరేనంది. వచ్చేటప్పుడు అత్తయ్య బండిలోంచి ఆ చెట్టు కనపడినంతసేపూ వెనక్కే చూసింది.

శ్రావణంలో మరిదిగారు నూజివీడు వచ్చారు. రిజిస్ట్రారు ఆఫీసుకు అత్తయ్యను తీసుకెళ్ళారు. ఆమెకు సంతకం వచ్చు. పెట్టి వచ్చి స్నానం చేసి వంట చేసింది. ఆ మర్నాడే తాంబూలాలు పుచ్చుకున్నారు.

ఆ వానాకాలమంతా అత్తయ్య ధ్యాస ఆ కుండ మీదే. చాట్రాయి వైపు నుంచి ఎవరొచ్చినా అక్కడ వానలు పడ్డాయా అని అడిగేది. ఇక్కడ ఎండ కాస్తే అక్కడ కూడా కాస్తుందేమోనని దిగులుపడేది. దొడ్లో పాకకు ఎడంగా, మంచి ఎండ తగిలే చోట గొయ్యి తీయించి, ఎరువు వేసి, ఆకు తొక్కించి సిద్ధం చేసుకుంది. అక్కకు చీరలు కొంటున్నారు, అటుకులు దంచుతున్నారు, ఇల్లంతా హడావిడి. ఆ గొయ్యి దగ్గర మాత్రం అత్తయ్య ఒక్కతే.

కార్తీకంలో మరిదిగారి బండి వచ్చింది. పెళ్ళి మాటలకు వచ్చినవాళ్ళు కుండ కూడా తెచ్చారు. అంటు ఏపుగా ఉంది, అతుకు చక్కగా పట్టింది. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, వంగి ఒక ఆకు నలిపింది. రెండోసారి ఇంకో ఆకు నలిపింది. ఆ తర్వాత కుండ అంచు తడిమి చూసింది, ఎక్కడా పగులు లేదు. నేను కూడా వాసన చూశాను. కర్పూరం లేదు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పొరపాటున వేరేది పంపినట్టున్నారు. పెళ్ళివారి ముందు ఏమీ అనకు. చెట్టెక్కడికీ పోదుగా, తొలకరికి మళ్ళీ వెళ్ళి కట్టుకొద్దాం" అంది నెమ్మదిగా.

వచ్చిన అంటును ఆ గోతిలోనే నాటింది. దాని తప్పేముంది అనుకుందో ఏమో, కంచె కట్టి నీళ్ళు కూడా పోసింది.

మాఘంలో పెళ్ళయింది. పందిట్లోకి అత్తయ్య రాలేదు, రాకూడదు కూడా. వెనక వసారాలో కూర్చుని విస్తళ్ళు తుడిచి ఇచ్చింది. అక్క వచ్చి దండం పెట్టింది గానీ, ఎవరో చూస్తున్నారని తొందరగా లేచి వెళ్ళింది. అక్కను అత్తవారింటికి పంపేటప్పుడు తోడుగా నన్ను పంపారు.

అక్కడ బండి దిగగానే నేను చెట్టు కోసం చూశాను. బావి ఉంది. బావి పక్కన కొత్తగా కట్టిన గది ఉంది. తడి సున్నం వాసన ఇంకా పోలేదు. గుమ్మానికి పసుపు రాసి, మామిడి తోరణం కట్టారు. అది అక్కా బావల గది. చెట్టేదండీ అని నేను బావగారి తల్లిని అడిగాను. ఆవిడ చెడ్డమనిషి కాదు, నవ్వుతూనే చెప్పింది. పెళ్ళికి గది కావాలి కదా, శ్రావణం వెళ్ళగానే కొట్టేశాం, కట్టెలు ఇప్పుడు పెళ్ళి వంటలకు పనికొచ్చాయి అంది. మరి మా కుండో అంటే, అతుకు ఇంకా పట్టలేదు, కొమ్మతోపాటే పోయింది, మీ అత్తయ్య చిన్నబుచ్చుకుంటుందని మా తోటలో మంచి చెరుకురసం అంటు చూసి పంపారు మీ మావయ్యగారు అంది. "గది కొలతలు మీ నాన్నగారే వచ్చి చూశారుగా" అని కూడా అంది.

నేను ఇంటికొచ్చిన సాయంత్రం అత్తయ్య ఆవకాయకు ఆవాలు బాగుచేస్తోంది. అక్క ఎలా ఉందని అడిగింది. గది ఎలా ఉందని అడిగింది. ఆఖర్న, చెట్టు పూత పట్టిందా అని అడిగింది. నేను విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె చాట కింద పెట్టలేదు. ఆవాలన్నీ చెరిగి, డబ్బాలో పోసి, మూత పెట్టింది.

మర్నాడు పొద్దున నాన్న అరుగు మీద మజ్జిగ తాగుతుంటే వచ్చి స్తంభం పక్కన నిలబడింది.

"చెట్టు కొట్టేస్తారని నీకు తెలుసా తమ్ముడూ?"

నాన్న గ్లాసు వైపు చూస్తూ, "తెలుసక్కయ్యా" అన్నాడు. "కొలతలకు పిలిచినప్పుడు చెప్పారు. నేను కాదంటే ఏమవుతుందో నీకు తెలియదా? ఒక చెట్టు కోసం పిల్ల పెళ్ళి ఆపమంటావా?"

"ఆపమనలేదు. నాతో చెప్పాల్సింది. చెప్పుంటే కొట్టేలోగా వెళ్ళి ఏదో ఒక కొమ్మ తెచ్చుకునేదాన్ని. బతికేదో చచ్చేదో."

"ఇన్నేళ్ళూ నిన్ను నేను చూసుకోలేదా అక్కయ్యా? ఏం తక్కువ చేశాను? ఇంకా మంచి చెట్టు పంపారుగా వాళ్ళు."

అమ్మ గుమ్మంలోంచి నాన్నకు ఊరుకోమని సైగ చేస్తోంది. అప్పటికే మాట వెళ్ళిపోయింది. అత్తయ్య స్తంభం దగ్గర్నుంచి కదిలింది. కళ్ళలో నీళ్ళు లేవు. లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది.

బతికేదో చచ్చేదో అన్నదే ఆమె నాన్నతో మాట్లాడిన ఆఖరి మాట. ఎప్పటిలాగే వంట చేసేది, నాన్నకిష్టమని పప్పులో మామిడికాయ వేసేది, ఒంట్లో బాగోకపోతే కషాయం కాచేది. కానీ మాట లేదు. నాన్నకు ఏదైనా చెప్పాలంటే, మీ నాన్నను అన్నానికి లేవమను అని నాతో అనేది. ఎదురుగా నాన్న ఉన్నా అంతే. మొదట్లో నాన్న కోప్పడ్డాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత అలవాటు పడ్డాడు. మేమూ అలవాటు పడ్డాం. దొడ్లో ఇసకమడి గట్టిపడిపోయింది. కుండలు బోర్లించి ఉండేవి. దానిమ్మ అంటు కట్టిపెట్టమని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వస్తే చేతులు వణుకుతున్నాయని చెప్పి పంపేసేది. ఆ చేతులు వణకడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ చెరుకురసం చెట్టు అదృష్టం కొద్దీ బాగా పెరిగింది. కాయ అంత తియ్యగా మా తోటలోనూ లేదు. నాన్న ముచ్చటపడి వచ్చినవాళ్ళందరికీ ఇచ్చేవాడు, అక్కకు బుట్టలు పంపేవాడు. కాయలు కోయించడం, గడ్డిలో పేర్చడం, పళ్ళు తీసి అందరి కంచాల్లో వెయ్యడం అన్నీ అత్తయ్యే చేసేది. నోట మాత్రం పెట్టుకోలేదు. నేను కూడా కొన్నాళ్ళు మానేశాను. తర్వాత తిన్నాను. చిన్నపిల్లను, పండు తియ్యగా ఉంది.

నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టాక నాన్నకు పక్షవాతం వచ్చింది. కబురందుకుని నేను వెళ్ళేసరికి మాట ముద్దగా వస్తోంది. అందరినీ గుర్తుపడుతున్నాడు. నన్ను చూసి, "అక్కయ్యను రమ్మను" అన్నాడు. అత్తయ్య గంజి గిన్నె పట్టుకుని వెళ్ళింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. నాన్న ఏదో అంటున్నాడు, నాకు స్పష్టంగా వినపడలేదు. ఒక్క మాట, ఒక్క మాట అన్నది మాత్రం వినపడింది. అత్తయ్య చెంచాతో గంజి పట్టింది. మూతి తుడిచింది. నాన్న కళ్ళు మూసుకునేదాకా పక్కనే కూర్చుని, దుప్పటి సర్ది, బయటికి వచ్చేసింది. ఆ వారంలోనే నాన్న పోయాడు.

ఆమె మొండితనం మీద ఆ రోజు నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. కర్మలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక, బావి దగ్గర గిన్నెలు తోముకుంటుంటే ఉండబట్టలేక అడిగేశాను. పోయే మనిషి అడిగితే ఒక్క మాట మాట్లాడలేకపోయావా అత్తయ్యా, ఇంకా అంత కోపమా అని.

ఆమె చేతిలో గిన్నె కడిగి బోర్లించింది.

"కోపం ఎప్పుడో పోయిందే. మాట్లాడదామనే లోపలికి వెళ్ళాను. ఇన్నేళ్ళ తర్వాత మొదట ఏమనాలో తోచలేదు. తోచేలోగా వాడు నిద్రపోయాడు" అంది.